ఇల్లు కట్టేటప్పుడు మైలురాళ్లు: తేదీలు, డబ్బు, తనిఖీ ఒకే కాగితం మీద పెట్టుకోవడం ఎలా

"పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే మేస్త్రి దగ్గర్నుంచి వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "అయిపోవచ్చిందండి." ఆ మాటలో అబద్ధం ఉండనక్కర్లేదు. గోడలన్నీ లేచాయి, మెట్ల దగ్గరా బాత్రూం దగ్గరా రెండేసి వరసలు మిగిలాయి. ఆయన కంటికి అది అయిపోయిన పనే. కానీ కరెంటు పనివాడు గోడ కొట్టి పైపు వేయాలంటే ఆ మిగిలిన వరసలు లేవాలి, సిమెంటు ఆరాలి. తొంభై శాతం అయిందనుకున్న పనిలో మిగిలిన పది శాతమే నెల తినేస్తుంది.

అందుకే శాతాలు వదిలేసి మైలురాళ్లు పెట్టుకోవాలి. రోడ్డు పక్కన రాయిని దాటామా, లేదా? రెండే జవాబులు. రాయి దగ్గరికి వెళ్లడానికి సమయం పడుతుంది గానీ రాయికి పొడవు లేదు. ప్రణాళికలోనూ అంతే. "ప్లాస్టరింగ్" అనేది పని, దానికి అయిదు వారాలు పడుతుంది. "ప్లాస్టరింగ్ పూర్తయి, ఏడు రోజులు నీళ్లు కొట్టడం అయింది" అనేది మైలురాయి. అది ఒక రోజు మీద పడుతుంది.

ఈ పద్ధతి ఏ ప్రాజెక్టుకైనా పనికొస్తుంది. ఇక్కడ మాత్రం ఎక్కువమంది జీవితంలో ఒక్కసారి తలకెత్తుకునే ప్రాజెక్టునే తీసుకున్నాం: సొంత స్థలంలో, అంతస్తుకు వెయ్యి చదరపు అడుగుల చొప్పున, కిందా పైనా రెండు అంతస్తుల ఇల్లు. సామాను మీది, తాపీ పని లేబర్ కాంట్రాక్టు.

ఏది మైలురాయి, ఏది కాదు

మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఒక పని పూర్తవడమేనా? మొదలవడం మైలురాయి కాదు, ఎందుకంటే నలుగురు మనుషులను పంపి ఎవరైనా ఏ పనైనా మొదలుపెట్టినట్టు చూపించొచ్చు. రెండోది: అది అయితేనే తర్వాతి మనిషి రాగలడా? మూడోది: టేపుతోనో, నీళ్లు నింపో, కంటితో చూసో అయిందని తేల్చగలమా? మూడింటికీ అవునని జవాబు వస్తేనే రాయి పాతండి.

పదినెలల పనికి పది పన్నెండు రాళ్లు చాలు. రెండు రాళ్ల మధ్య మూడు నుంచి ఆరు వారాల దూరం ఉండాలి. దూరం మరీ ఎక్కువైతే ఆలస్యం సంగతి రెండు నెలల తర్వాత గానీ తెలియదు. ముప్ఫై రాళ్లు పెట్టుకుంటే మూడో వారానికి కాగితం రాయడమే మానేస్తారు. నీటి పరీక్షలాంటి తనిఖీ రాయి ఒకటి దగ్గరగా పడినా ఫర్వాలేదు.

నవంబరు 10న ముగ్గు పోసి మార్కింగ్ చేస్తామనుకుంటే, ఈ ఇంటి రాళ్లు ఇలా ఉంటాయి.

1. ప్లాను అనుమతి చేతికొచ్చింది, బోరులో నీళ్లున్నాయి, తాత్కాలిక కరెంటు మీటరు వచ్చింది: నవంబరు 8
2. ఫుటింగులు (పిల్లర్ల పునాది దిమ్మెలు), ప్లింత్ బీమ్ (నేల మట్టం దగ్గర గోడల కింద వచ్చే కాంక్రీటు దూలం) పోయడం, బేస్‌మెంటు నింపి దిమ్మిస కొట్టడం అయ్యాయి: డిసెంబరు 20
3. కింది స్లాబ్ పోశారు: జనవరి 31
4. పై స్లాబ్ పోశారు: మార్చి 14
5. రెండు అంతస్తుల గోడలు, ద్వారబంధాలు, లింటెళ్లు (తలుపులు, కిటికీల పైన వచ్చే దూలాలు), సజ్జాలు అయ్యాయి: ఏప్రిల్ 18
6. గోడల్లో కరెంటు, నీళ్ల పైపులు వేసి ఒత్తిడి పరీక్ష చేశారు: మే 9
7. లోపలా బయటా ప్లాస్టరింగ్, క్యూరింగ్ అయ్యాయి: జూన్ 13
8. బాత్రూముల వాటర్‌ప్రూఫింగ్ నీటి పరీక్షలో నిలిచింది: జూన్ 20
9. టైల్స్, వంటగట్టు గ్రానైట్ అయ్యాయి: జూలై 25
10. తలుపులు, కిటికీలు, రంగులు, ఫిట్టింగులు అయ్యాయి, శాశ్వత మీటరు వచ్చింది: ఆగస్టు 29
11. లోపాల జాబితా ఖాళీ అయి తాళాలు చేతికొచ్చాయి: అక్టోబరు 10

ఒక్కో రాయికి "అయింది అంటే ఏమిటి" అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసి, మేస్త్రికి చదివి వినిపించి, కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి. ఉదాహరణకు ఆరో రాయి: నీళ్ల పైపుల చివరలన్నీ మూసి, చేతి పంపుతో ఒత్తిడి పెట్టాక మీటరు ముల్లు గంటసేపు కిందికి జారకూడదు. ఎనిమిదోది: బాత్రూం పల్లంలో నీళ్లు నింపి, నీటి అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి 48 గంటలు వదలాలి. కింది గది సీలింగులో చెమ్మ కనిపించకూడదు, గీత దగ్గర నీళ్లు చెప్పుకోదగ్గంత దిగకూడదు. ఈ రెండు పరీక్షలను తనిఖీలని పక్కన పెట్టకుండా మైలురాళ్లుగానే ఎందుకు పెట్టాలంటే, టైల్స్ వేశాక దొరికే లీకుకు టైల్స్ పగలగొట్టడం తప్ప మందు లేదు.

తేదీలు వేయడం

ముందు వారాలు లెక్కేయండి, తర్వాత పంచాంగం పక్కన పెట్టుకుని సరిచూడండి. పై జాబితాలో ప్లింత్ నుంచి కింది స్లాబ్‌కు పని లెక్కన నాలుగు వారాలే. డిసెంబరు 20కి నాలుగు వారాలు కలిపితే జనవరి 17. అంటే సంక్రాంతి వారం! ఊళ్ల నుంచి వచ్చిన తాపీ పనివాళ్లు, సెంట్రింగువాళ్లు (కాంక్రీటు పోయడానికి కింద అచ్చు, సపోర్టులు కట్టేవాళ్లు) భోగికి ముందే బయల్దేరి, కనుమ అయ్యాక నింపాదిగా వస్తారు. పది రోజులు పోయినట్టే. అందుకే అక్కడ జనవరి 31 వేశాం. జూన్‌లో తొలకరి పడ్డాక, నాట్ల రోజుల్లో కూలీలు దొరకడం ఇంకో ఇబ్బంది. బయటి ప్లాస్టరింగ్‌ను వానలకు ముందు ముగించేలా మొత్తం జాబితాను సర్దింది కూడా అందుకే.

ప్రతి పనికీ కాస్త కాస్త ఎక్కువ రోజులు వేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. అలా చల్లిన రోజులు ఎక్కడికక్కడ ఖర్చయిపోతాయి. పనికి ఎన్ని రోజులిస్తే అన్ని రోజులూ పడుతుంది. అందుకే ఒక్కో పనికి నిజంగా పట్టే రోజులే వేసి, మిగులు రోజులన్నీ చివర ఒక్కచోట దాచాలి. మన జాబితాలో ఆగస్టు 29కీ అక్టోబరు 10కీ మధ్య ఉన్న ఆరు వారాలు అవే. వాటిలో లోపాలు సరిచేసే పని వారమో పది రోజులో, మిగతాదంతా నిల్వ. అందులోంచి ఎన్ని రోజులు తీశారో ప్రతి నెలా రాసుకోండి.

గృహప్రవేశం ముహూర్తం వేరే సంగతి. అది మైలురాయి కాదు, జరపడానికి వీల్లేని గడువు. దాన్ని మొదటే ఖాయం చేసి పనిని దానికి కట్టేస్తే, ఆఖరి నెలలో తడి గోడ మీద పుట్టీ పడుతుంది. ప్లాస్టరింగ్ రాయి దాటాకే ముహూర్తం పెట్టించుకోవడం మేలు. అప్పటికి మిగిలిన పని అంచనాకు అందుతుంది. ఆషాఢం, భాద్రపదం వదిలేసేవాళ్లు కార్తీకాన్ని మనసులో ఉంచుకుని, శుభలేఖలు మాత్రం ఆపాలి.

ప్రతి రాయికీ వెనకాల ఒక "ఆఖరి ఆర్డరు తేదీ" కూడా ఉండాలి. ఆలస్యాల్లో చాలా భాగం పనిలో పుట్టవు, రాని సామానులో పుడతాయి. ద్వారబంధాలు గోడల కంటే నాలుగు వారాల ముందు వడ్రంగికి చెప్పాలి. టైల్స్ ఎంపిక ప్లాస్టరింగ్‌కు ముందే కావాలి, లేకపోతే నేల మట్టం, గుమ్మం ఎత్తు తేలవు. స్లాబ్ లెక్క ఇలా ఉంటుంది: వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే దాదాపు 12 ఘనపు మీటర్లు. బీములు కలిపితే 16, 17 అవుతుంది. రెడీమిక్స్ అయితే 6 ఘనపు మీటర్ల బండ్లు మూడు, వారం ముందే చెప్పిపెట్టాలి. సైట్లోనే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల లెక్కన 135 బస్తాల దాకా సిమెంటు కావాలి. 140 బస్తాలు రెండు మూడు రోజుల ముందు దింపించుకోండి, నెల ముందు వద్దు.

స్లాబ్ ముందు రోజు సాయంత్రం

ఇంటి మొత్తంలో వెనక్కి తిప్పలేని రాయి స్లాబ్. అందుకే దానికి ముందు ఒక చిన్న గేటు పెట్టుకోవాలి: "పోయడానికి సిద్ధం." ముందు రోజు మధ్యాహ్నం నాలుగింటికల్లా సెంట్రింగ్ ఎక్కండి. చేతిలో డ్రాయింగు, టేపు, సుద్దముక్క ఉండాలి, పక్కన ఇంజనీరు ఉండాలి.

కడ్డీల మధ్య దూరం డ్రాయింగులో 150 ఎంఎం అంటే టేపు పెట్టి పది కడ్డీల మీద చూడండి, ఒక్క సందులో కాదు. స్లాబ్ కడ్డీలు అచ్చుకు ఆనకుండా వాటి కింద 20 ఎంఎం కవర్ బ్లాకులు (చిన్న దిమ్మెలు) ఉండాలి. బీము పైన అడ్డంగా వచ్చే పై కడ్డీలు మనుషుల కాళ్ల కింద నలిగి కింది కడ్డీల మీద పడుకుని ఉంటాయి. ఎక్కువ మంది చూడని లోపం ఇది. తర్వాత బీము అంచు వెంట స్లాబ్ పైభాగాన చీలికలు కనిపించేది ఇందుకే. కింద కుర్చీలు (కడ్డీని వంచి చేసిన ఆధారాలు) కట్టించి పైకి లేపించండి. కరెంటు పైపులు ఒకేచోట కట్టలుగా పోకూడదు. ఫ్యాన్ బాక్సులు లెక్కపెట్టండి: గదులెన్ని, బాక్సులెన్ని? బాత్రూం పల్లం దిగిందా, పైపు కిందికి దిగే చోట కన్నం వదిలారా, పై అంతస్తు పిల్లర్ల కడ్డీలు, మెట్ల కడ్డీలు నిలబెట్టారా? కిందికి దిగి సపోర్టులు చూడండి. వదులు మట్టి మీద నిలబెట్టిన కర్ర, కాంక్రీటు బరువు పడగానే దిగుతుంది. కింద పలకో గట్టి దిమ్మో ఉండాలి. సుద్దతో గుర్తుపెట్టిన లోపాలన్నీ చీకటి పడేలోపు సరిచేస్తేనే మర్నాడు బండి పిలవాలి. వాయిదా పడితే రెండు రోజులు పోతాయి, పోనివ్వండి.

పోసే రోజున, కాంక్రీటు బలం పరీక్షించడానికి క్యూబులు తీయించాలి. 150 ఎంఎం ఘనాలు, ఒక శాంపిలుకు మూడు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకు మూడు శాంపిళ్లు. 7 రోజుల బలం కూడా చూడాలంటే క్యూబులు అదనంగా పోయించాలి. 28 రోజుల ఫలితం వచ్చే తేదీని కాగితం మీద అప్పుడే రాసేయండి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు.

డబ్బును రాళ్లకు కట్టడం

తేదీ తప్పినా ఎవరికీ ఏమీ కానప్పుడు మైలురాయి గోడ మీద క్యాలెండరే. చెల్లింపులు రాయి దాటినప్పుడే జరగాలి. రాయి దాటేటప్పటికి మేస్త్రికి అందిన మొత్తం ఆయన చేసిన పని విలువ కంటే కొంచెం తక్కువే ఉండాలి. తాపీ లేబర్ మొత్తాన్ని నూరు అనుకుంటే ఇలా పంచుకోవచ్చు: అడ్వాన్సు 5, ప్లింత్ 15, కింది స్లాబ్ 20, పై స్లాబ్ 20, గోడలు 12, ప్లాస్టరింగ్ 15, గచ్చులు, ప్రహరీ, చిల్లర పనులు 8, చివరగా ఆపి ఉంచేది 5.

స్లాబ్ ఇరవైని ఒకేసారి ఇవ్వకండి. పోసిన రోజుకల్లా 14, సెంట్రింగ్ విప్పి కింది వైపు చూశాక 6. పోసిన రోజే మొత్తం అందితే మర్నాటి నుంచి నీళ్లు కట్టే బాధ్యత ఎవరికీ ఉండదు. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి 10 రోజులు స్లాబ్ తడిగా ఉండాలి. విప్పినప్పుడు బీము అడుగున కంకర తేలి తేనెతుట్టెలా కనిపించినా, కడ్డీ బయటపడినా, ఇంజనీరు చెప్పినట్టు బాగు చేశాకే ఆ 6.

ఎప్పుడు విప్పాలన్నదానికీ లెక్కుంది. సాధారణ సిమెంటుకు ఐఎస్ 456 చెప్పే కనీస గడువులు: 4.5 మీటర్ల లోపు స్లాబ్ సపోర్టులకు 7 రోజులు, అంతకు మించితే 14. 6 మీటర్ల లోపు బీములకు 14, మించితే 21. పీపీసీ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకా ఆగాలి. పైగా పై స్లాబ్ పోసేటప్పుడు ఆ బరువంతా కింది స్లాబ్ మీదే పడుతుంది, కాబట్టి కింది సపోర్టులు ఏవి, ఎప్పుడు తీయాలో ఇంజనీరు చెప్పాకే తీయాలి. సెంట్రింగ్ సామాను అద్దె పెరుగుతోందని తొందరపెట్టే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ అద్దె రోజులను ఒప్పందంలోనే రాసుకుంటే ఆ మాట రాదు.

ఇక్కడ ఒక వాస్తవం ఒప్పుకోవాలి. మేస్త్రి తన మనుషులకు శనివారం బట్వాడా చేయాలి. ఆరు వారాలకోసారి డబ్బంటే ఆయన నిలబడలేడు, మనుషులు ఇంకో సైటుకు వెళ్లిపోతారు. అందుకని వారం వారం ఇవ్వండి, కానీ ఇచ్చిందంతా రాబోయే రాయి ఖాతాలో రాయండి. ఆ రాయి మొత్తంలో 70 శాతం దాటకూడదు. మిగతా 30 శాతం రాయి దాటిన రోజు, స్లాబ్‌కైతే సెంట్రింగ్ విప్పి చూశాక. వారం డబ్బు 70 శాతానికి చేరింది, పని మాత్రం సగంలోనే ఉందంటే, మనుషులు తక్కువగా వస్తున్నారో, రేటే గిట్టుబాటు కావడం లేదో! ఆ మాట అప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంటి అప్పు తీసుకుంటే బ్యాంకు కూడా దశలవారీగానే ఇస్తుంది, ప్రతి దశకూ తన ఇంజనీరును పంపి చూసుకుంటుంది. బ్యాంకు దశలు, మీ రాళ్లు ఒకటే అయ్యేలా మొదటే సర్దుకోండి. తనిఖీకి, డబ్బు జమకు మధ్య రోజులు పడతాయి కాబట్టి, రాయికి రెండు వారాల ముందే దరఖాస్తు పెట్టాలి.

ఆదివారం అరగంట

కాగితం మీదైనా, గూగుల్ షీట్‌లోనైనా అయిదు గడులు చాలు: మైలురాయి, మొదటి తేదీ, ఇప్పటి అంచనా, అయిన తేదీ, కారణం. మొదటి తేదీని ఎప్పటికీ కొట్టేయకూడదు, దిద్దకూడదు. ఆలస్యమైనప్పుడు పాత తేదీ చెరిపి కొత్తది రాస్తే కాగితం ఎప్పుడూ "అంతా సకాలంలోనే" అంటుంది. ప్రతి ఆదివారం రాబోయే మూడు రాళ్లకు మాత్రం కొత్త అంచనా రాయండి, పాత అంచనాలు కనబడేలా వరసలో.

కింది స్లాబ్ వరస ఇలా ఉందనుకోండి. డిసెంబరు 7న అంచనా: జనవరి 31. డిసెంబరు 21న: జనవరి 31. జనవరి 4న: ఫిబ్రవరి 7. జనవరి 25న: ఫిబ్రవరి 14. ఫిబ్రవరి 8న: ఫిబ్రవరి 21. మొదట కదలకుండా ఉండి, దగ్గరపడ్డాక మళ్లీ మళ్లీ వారం వారం జరుగుతోంది. ఇలా జరిగితే ఎవరూ మిగిలిన పని లెక్కపెట్టడం లేదు, "వచ్చే వారం" అని నోటికి వచ్చింది చెబుతున్నారని అర్థం. మేస్త్రిని తేదీ అడగడం ఆపి, మిగిలిన పని అడగండి: ఇంకా ఎన్ని పిల్లర్లు, ఎన్ని షీట్లు సెంట్రింగ్, రోజుకు ఎంతమంది? తేదీ దాంట్లోంచి మీరే తీయొచ్చు.

ఇప్పుడు ముందుకు చూసే లెక్క. నవంబరు 10 నుంచి జనవరి 31 దాకా 12 వారాలు అనుకున్నాం, ఫిబ్రవరి 21కి 15 పట్టాయి. అంటే 1.25 రెట్లు. ఆగస్టు 29 దాకా ఇంకా 30 వారాల పని ఉంది, అదే నడకన అయితే 37న్నర. ఇప్పటికే పోయిన మూడు వారాలు, రాబోయే ఏడున్నర కలిపితే ఆగస్టు 29 కాస్తా నవంబరు 10 దగ్గరికి వెళుతుంది. దాచిన ఆరు వారాలూ పోయి, పైన ఇంకో నెల. ఈ సంగతి ఫిబ్రవరిలోనే తెలిసింది, ఇంకా చేతిలో సమయం ఉంది. ఒక జాగ్రత్త: పోయిన వారాలు మీటరు రాకపోవడం వల్లో, ఫుటింగు గోతుల్లో రాయి తగలడం వల్లో అయితే వాటిని ఈ రెట్ల లెక్కలో కలపకండి, అవి మళ్లీ రావు. మనుషులు చాలక పోయిన వారాలైతే మళ్లీ వస్తాయి. కారణం గడి ఉన్నది ఇందుకే.

ఆలస్యాన్ని ఎక్కడ రాబట్టుకోవచ్చు, ఎక్కడ కూడదు

గోడల దగ్గర వీలుంది: రెండో జట్టును పెట్టి కిందా పైనా ఒకేసారి కట్టించొచ్చు. కాకపోతే ఒకే గోడను రోజుకు మీటరు, మీటరున్నరకు మించి లేపకూడదు, తడి సిమెంటు మీద బరువుకు వరస పక్కకు జరుగుతుంది. కింది సెంట్రింగ్ విప్పగానే పై పనితో పాటు కింది గోడలు మొదలుపెట్టొచ్చు. లోపలి ప్లాస్టరింగ్ ఒక జట్టు, బయటిది ఇంకో జట్టు చేయొచ్చు. కిటికీల కొలతలు అంతస్తు అంతస్తుకూ విడిగా ఇచ్చేస్తే తయారీ ముందే మొదలవుతుంది.

కాంక్రీటు గట్టిపడే రోజులు, 48 గంటల నీటి పరీక్ష, ప్లాస్టరింగ్ ఆరే వారాలు మాత్రం డబ్బుతో కొనలేం. తడి ఆరని గోడకు పుట్టీ వేస్తే ఆరు నెలల్లో ఉప్పు పొంగి రంగు పొరలుగా లేస్తుంది.

మధ్యలో "పైన ఇంకో గది వేద్దాం" అని ఇంట్లోవాళ్లు అంటే, అది ఆలస్యం కాదు, కొత్త పని. కాగితం మీద కొత్త వరస రాసి, దానికి రోజులు, డబ్బు విడిగా వేసి, తర్వాతి రాళ్లకు రెండో తేదీ ఇవ్వండి. మొదటి తేదీ పక్కనే ఉండాలి. లేకపోతే ఆ గది తెచ్చిన మూడు వారాలు మేస్త్రి నెత్తిన పడతాయి, ఆయన తెచ్చిన మూడు వారాలు ఆ గది చాటున దాక్కుంటాయి.

ఆఖరి రాయి

చివరి రాయికి ముందు ఇల్లంతా గది గదికీ తిరిగి లోపాల జాబితా రాయండి: బంతి వదిలితే బాత్రూంలో నీళ్లు పోయే జాలీ వైపే దొర్లుతుందా, తలుపు గడియ ఒక్క చేత్తో పడుతుందా, ప్రతి స్విచ్చూ ఏ పాయింటుదో, టైలు మీద నాణెంతో తడితే ఎక్కడ బోలుగా మోగుతోంది. ప్రతి వరస పక్కనా ఎవరు, ఏ తేదీకి చేస్తారో రాయాలి. జాబితాలో చివరి వరస కొట్టేసిన రోజే తాళాలు తీసుకోండి.

ఆపి ఉంచిన 5 మాత్రం అప్పుడే ఇవ్వకండి. అది ఒక వానాకాలం చూశాక. దక్షిణ కోస్తా జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగానే కురుస్తాయి కాబట్టి ఆ ఏడే తేలిపోతుంది. తెలంగాణలో అయితే వచ్చే జూన్, జూలై దాకా ఆగాలి. ఆ గడువును ఒప్పందంలో మొదటి రోజే తేదీతో రాసి, వాన నిలిచిన మర్నాడు మేడ మీద నీళ్లు నిలిచిన చోట్లు, కిటికీ సజ్జాల కింద చెమ్మ, ప్రహరీ పునాది దగ్గర మట్టి కుంగిన చోట్లు మేస్త్రితో కలిసి చూసి, అవి సరిచేయించిన రోజున మిగిలిన డబ్బు ఇచ్చేయండి.